బిజినెస్ ఎథిక్స్ చెప్పిన రోజులు

విజయనగరం చుట్టుపక్కల ఎంబీఏ కాలేజీలు వరసగా వెలుస్తున్న రోజుల్లో, కామర్సు పాఠాలు చెప్పుకుంటున్న నన్ను ఊరి శివారున కొత్తగా కట్టిన ఒక కాలేజీవారు పిలిచి ఉద్యోగమిచ్చారు. అకౌంటింగు, ఫైనాన్సు, మార్కెటింగు చెప్పడానికి లెక్చరర్లలో పోటీ ఉండేది గాని, వ్యాపారంలో నీతిని చెప్పే బిజినెస్ ఎథిక్స్ జోలికి ఎవరూ వచ్చేవారు కారు. టైంటేబులు వేసేటప్పుడు ఎవరికి పీరియడ్లు తక్కువ పడితే వారి నెత్తిన ఆ సబ్జెక్టును పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ లెక్కన అది నా వాటాకు వచ్చింది, నేను ఉద్యోగం విరమించేదాకా నాతోనే ఉండిపోయింది. పీరియడు కూడా సాధారణంగా మధ్యాహ్నం చివరిదే పడేది. పార్వతీపురం, బొబ్బిలి వైపు వెళ్ళే పిల్లలు రైలుకు వేళవుతోందని గడియారం వంక చూసే సమయమది.

పిల్లలు ఎక్కువగా ఊళ్ళ నుంచి వచ్చినవారు. ఐసెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద సీటు తెచ్చుకుని, ఇంట్లో మొదటి డిగ్రీ, ఆ పైన మొదటి ఎంబీఏ తామే అయినవారు. చీపురుపల్లి, పాలకొండ, సాలూరు, అటు పలాస దాకా వాళ్ళ ఊళ్ళు. వాళ్ళ తండ్రుల్లో మిల్లు కార్మికులు, రేషన్ డీలర్లు, కమీషన్ వ్యాపారులు, కౌలు రైతులు ఉండేవారు. మేనేజరు అనే మనిషిని వాళ్ళు ఎదుట నిలబడి చూసినవారే గాని, ఆ కుర్చీలో కూర్చున్న బంధువు ఉన్నవారు అరుదు.

మాకిచ్చిన పాఠ్యపుస్తకం జర్మన్ తత్వవేత్త కాంట్‌తో మొదలై, ఎక్కువమందికి మేలు చేసేదే మంచిదనే యుటిలిటేరియన్ వాదం మీదుగా, కంపెనీ వాటాదారులనే కాక దానితో సంబంధమున్న అందరినీ చూడాలనే స్టేక్‌హోల్డర్ సిద్ధాంతం దాకా నడిచేది. అందులో ఒక పెద్ద ఉదాహరణ టైలెనాల్ అనే నొప్పి మాత్రలది. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో ఆ మాత్రల్లో సైనైడు కలపగా ఏడుగురు చనిపోయారు. ఆ మాత్రలు అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మూడు కోట్లకు పైగా సీసాలను దేశమంతటా బజారు నుంచి వెనక్కి తెప్పించింది. పిల్లలు దీన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు, మార్కులు తెచ్చుకునేవారు. ఒకసారి బొబ్బిలి నుంచి వచ్చే అబ్బాయి లేచి, “సార్, వెనక్కి తెప్పించకపోతే కంపెనీ మూతపడిపోయేది కదా. మరి అది మంచితనమా, వ్యాపారమా?” అని అడిగాడు. పుస్తకం ఆ ప్రశ్నను తప్పించుకుని రెండూ ఒకటే అన్నట్టు రాసింది. నాకు ఆ మాట మీద ఇప్పటికీ నమ్మకం లేదు. మంచి పని చేస్తే లాభం దానంతట అదే వస్తుందని ఎంబీఏ పిల్లలకు చెప్పడం, వాళ్ళను మొదటి ఉద్యోగంలోనే నిరాయుధులుగా నిలబెట్టడమని నా అభిప్రాయం.

అందుకని పుస్తకం పక్కన పెట్టి, మీ ఇళ్ళలో వ్యాపారం ఎలా నడుస్తుందో చెప్పండని అడగడం మొదలుపెట్టాను. మొదట అందరూ తలలు దించుకున్నారు. కాశీబుగ్గ నుంచి వచ్చిన ఒకడు ధైర్యం చేశాడు. వాళ్ళ బాబాయికి జీడిపప్పు బట్టీ ఉంది. జీడిపప్పులో రకాలకు అంకెలుంటాయని, డబ్ల్యూ-240 అంటే పౌనుకు 220 నుంచి 240 పప్పులు తూగేదని, డబ్ల్యూ-320 అంటే అంతకంటే చిన్న పప్పని, 300 నుంచి 320 దాకా తూగుతుందని క్లాసుకు వివరించాడు. “డబ్బా మూత తీస్తే పైన రెండు వందల నలభై కనపడతది సార్. చెయ్యి లోపలికి పెడితే మూడు వందల ఇరవై తగులుతది. కొనేవోడికీ తెలుసు. ఆడు మళ్ళీ రేటు దగ్గర కోస్తాడు,” అన్నాడు. క్లాసు నవ్వింది. ఇద్దరికీ తెలిసి జరిగితే అది మోసమేనా అని ఒక పక్షం, అంత తెలివిలేని మూడోవాడు కొన్నప్పుడు ఏమవుతుందని ఇంకో పక్షం, గంట కొట్టేదాకా వాదించుకున్నారు. రైలు సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. కాంట్ చెప్పిన సూత్రాన్ని ఆ తరువాతి పీరియడులో ఆ డబ్బా మీదే చెప్పాను. అందరూ పైపొర వేసి అమ్మడమే నియమమైతే డబ్బా మీది అంకెను ఎవరు నమ్ముతారు అని అడిగితే, కాశీబుగ్గ అబ్బాయే, “అందుకే సార్, కొత్త ఊరి వ్యాపారి మా దగ్గర డబ్బా మొత్తం గుమ్మరించి చూస్తాడు,” అన్నాడు.

అన్ని క్లాసులూ అలా నవ్వులతో గడవలేదు. మా జిల్లాలో జూట్ మిల్లుల కథ తెలియనిదెవరికి? లాకౌటు, ధర్నా, మళ్ళీ తెరవడం, మళ్ళీ మూయడం. ఒక మిల్లులో బదిలీ కార్మికుడిగా, అంటే రానివారి బదులు పనిచేసే ఆయన కొడుకు మా క్లాసులో ఉండేవాడు. వాళ్ళ నాన్నకు జీతం చీటీలో పీఎఫ్ (భవిష్యనిధి) కోత కనపడుతోందని, పీఎఫ్ ఆఫీసు నుంచి ఏడాదికొకసారి వచ్చే చీటీలో మాత్రం ఆ జమ కనపడడం లేదని చెప్పాడు. ఇది చట్టం దృష్టిలో మామూలు బకాయి కాదని నేను వివరించాను. జీతంలో కోసిన కార్మికుడి వాటాను యజమాని కట్టకపోతే, ఆ సొమ్మును అతని చేతికి నమ్మి అప్పగించినట్టే లెక్కించి నమ్మకద్రోహం కింద చూడాలని అప్పటి శిక్షాస్మృతి 405వ సెక్షను కింద ప్రత్యేకంగా ఒక వివరణ ఉండేది. నేనది చెబుతుండగా ముందు బెంచీలోని ఒక అమ్మాయి లేచి నిలబడింది.

“ఆ చీటీలు తయారు చేసేది మా నాన్నగారే సార్,” అంది.

క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆ అమ్మాయి తండ్రి అదే మిల్లు ఆఫీసులో గుమాస్తా అని ఆ అబ్బాయికి తెలుసో లేదో నాకు తెలియదు. ఆమె గొంతు వణకలేదు గాని, చేతిలోని పెన్ను మూతను తీస్తూ పెడుతూ మాట్లాడింది. “నెలనెలా చలానా రాసి మేనేజరు గారి టేబులు మీద పెడతారు. సంతకం అవదు. మళ్ళీ నెల మళ్ళీ రాసి పెడతారు. అంతకన్నా ఏం చెయ్యాలో మా నాన్నగారికి తెలీదు సార్. చెప్పండి, ఏం చెయ్యాలి?”

నా ఉద్యోగ జీవితంలో నన్నెవరైనా అడిగిన గట్టి ప్రశ్న అదే. ఆయన రాజీనామా చేయాలని చెప్పడం సులువు. నలుగురు పిల్లలున్న గుమాస్తాకు ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాలేదు. నేను అడిగిందొక్కటే: టేబులు మీద చలానాతో పాటు తారీఖు వేసిన నోటు పెడుతున్నారా, దాని నకలు తన దగ్గర ఉంచుకుంటున్నారా, వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్వార్డు రిజిస్టరులో నంబరు వేయిస్తున్నారా అని. లేదంది. ఆ వారం నుంచి ఆయన నోటు పెట్టడం మొదలుపెట్టారని తరువాత ఆమె చెప్పింది. దానివల్ల డబ్బు వెంటనే జమ కాలేదు. కాని విచారణకు అధికారులు వచ్చిన రోజున, ఎవరికి ఎప్పుడు తెలుసన్న సంగతి ఫైలులో ఉంది. గుమాస్తా మీదికి నెట్టేయడానికి పైవారికి వీలు లేకపోయింది. కార్మికుడి కొడుకూ ఆ అమ్మాయీ తరువాత కలిసే ప్రాజెక్టు చేశారు.

2009 జనవరి 7, బుధవారం. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారు తన బోర్డుకు, షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీకి రాసిన ఉత్తరం ఆ రోజు బయటికి వచ్చింది. స్టాఫ్‌రూములోని టీవీ చుట్టూ లెక్చరర్లు, కిటికీల దగ్గర పిల్లలు. మా కాలేజీ పిల్లలకు సత్యం అంటే ఒక కంపెనీ పేరు మాత్రమే కాదు, ఊళ్ళో ఎవరికైనా అందులో ఉద్యోగం వస్తే పెళ్ళి సంబంధాల రేటు మారిపోయేది. అంతకుముందు రోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గరికి పడిపోయింది. ఆ ఉత్తరం నకళ్ళు తీయించి క్లాసులో తలా ఒకటి పంచాను. ఎథిక్స్‌కు అంతకు మించిన పాఠ్యపుస్తకం నాకు దొరకలేదు. లెక్కల్లో చూపిన నగదులో, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆయనే రాశారు. సెప్టెంబరు త్రైమాసికంలో ఆదాయం మీద లాభం 24 శాతమని చూపారు, నిజానికి అది 3 శాతమే. మొదట చిన్న తేడాగా మొదలైంది ఏళ్ళ తరబడి పెరిగిపోయిందని, తినేయకుండా ఎలా దిగాలో తెలియని పులి మీద సవారీలా తయారైందని ఆ ఉత్తరంలో ఉంది.

పిల్లలు చాలామంది ఆయనను తిట్టడానికి సిద్ధపడి వచ్చారు. మెంటాడ దగ్గరి పల్లె నుంచి వచ్చే అబ్బాయి మాత్రం లేచి, “మా నాన్నకు పాము కరిస్తే 108 వచ్చి బతికించింది సార్. ఆ 108 పెట్టింది ఈయనే కదా. నన్నెలా తిట్టమంటారు?” అన్నాడు. నిజమే. 2005లో హైదరాబాదులో 108 అంబులెన్సు సేవను మొదలుపెట్టిన సంస్థకు వ్యవస్థాపకుడు ఆయనే. ఆ అబ్బాయికి అప్పటికప్పుడు జవాబు చెప్పడానికి ఎవరూ తొందరపడలేదు. నేను కామర్సు మనిషిని కాబట్టి నాకు తోచిన పద్ధతిలో చెప్పాను. ఈ రెండూ వేర్వేరు ఖాతాలు, ఒకదాని నిలువను ఇంకొకదానిలో సర్దుబాటు చేయకూడదు. మీ నాన్న ప్రాణం ఆ ఖాతాలో పూర్తిగా జమ ఉంటుంది, వాటాదారుల సొమ్ము ఈ ఖాతాలో పూర్తిగా ఖర్చు ఉంటుంది. అతను ఒప్పుకున్నట్టు కనపడలేదు. ఒప్పుకోవాలని నేనూ పట్టుపట్టలేదు.

సత్యం మీద నేను ఎక్కువసేపు ఆగింది పెద్దాయన గురించి కాదు. 2008లోనే ఆ కంపెనీకి కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది, కుంభకోణం తరువాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు ఒకరు, హైదరాబాదులోని పేరున్న బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీను ఒకరు ఉన్నారు. అంటే మా సబ్జెక్టు పెద్దలు ఆ గదిలోనే కూర్చుని ఉన్నారు. అది చెప్పినప్పుడు పిల్లలకు నవ్వొచ్చింది, నాకు రాలేదు. దర్యాప్తులో వేల సంఖ్యలో దొంగ ఇన్‌వాయిసులు బయటపడ్డాయి. వేల ఇన్‌వాయిసులు ఒక్క మనిషి సృష్టించడు. ఏదో ఒక సాయంత్రం ఎవరో ఒక కుర్రవాడిని పిలిచి, ఇది ఎంటర్ చెయ్యి, సంగతి తరువాత చెబుతాను అని ఉంటారు. ఆ కుర్రవాడు మీరైతే ఏమంటారు అని అడిగాను. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా తేల్చినప్పుడు, అందులో ఫైనాన్సు విభాగం ఉద్యోగులు కూడా ఉన్నారని చూసి, అప్పటి పిల్లల్లో కొందరు నాకు ఫోను చేశారు.

ఇక మా కాలేజీ సంగతి కూడా చెప్పాలి. ఇన్‌స్పెక్షను వస్తోందంటే యాజమాన్యంవారి ఇంకో కాలేజీ నుంచి లైబ్రరీకి పుస్తకాలు వ్యానులో వచ్చేవి, కమిటీ వెళ్ళగానే తిరిగి వెళ్ళిపోయేవి. ఒకసారి వాటిలో బిజినెస్ ఎథిక్స్ పుస్తకాలే ఒక కట్టంతా ఉన్నాయి. అట్ట లోపల ఆ కాలేజీ ముద్ర, మీద మా కాలేజీ స్టిక్కరు. ఒక విద్యార్థి దాన్ని నాకు చూపించి, చాలా వినయంగా, “ఇది ఏ యూనిటు కిందికి వస్తుంది సార్?” అని అడిగాడు. ఆ రోజు క్లాసులో అదే చర్చించాం. కమిటీకి ఏమి తెలుసు, యాజమాన్యం ఏమి దాచింది, స్టిక్కరు అంటించిన అటెండరు పరిస్థితి ఏమిటి, ఆ పుస్తకం లేకుండా చదువుకున్న మీకు ఏమి నష్టం అని. కబురు పైకి వెళ్ళింది. సెక్రటరీ గారు పిలిచి, “మాస్టారూ, సిలబస్‌లో ఉన్నది చెప్పండి చాలు,” అన్నారు. “మూడో యూనిటు అదేనండి,” అన్నాను. ఆయన నవ్వేసి టీ తెప్పించారు. మరుసటి ఏడాది కొన్ని పుస్తకాలు నిజంగానే కొన్నారు. వ్యాను మాత్రం ఆగలేదు.

అన్నింటికంటే నా పద్ధతిని మార్చింది మంజునాథ్ కథ. షణ్ముగం మంజునాథ్ లక్నో ఐఐఎంలో ఎంబీఏ చదివి, ఇండియన్ ఆయిల్‌లో సేల్స్ అధికారిగా చేరాడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో కల్తీ ఇంధనం అమ్ముతున్న ఒక పెట్రోలు బంకును సీలు చేయించాడు. అది మళ్ళీ తెరుచుకుంది, అతను మళ్ళీ తనిఖీకి వెళ్ళాడు. 2005 నవంబరు 19న అతన్ని కాల్చి చంపారు. అప్పటికి 27 ఏళ్ళు. కల్తీ అంటే మా పిల్లలకు విడమరిచి చెప్పనక్కరలేదు. రేషను కిరసనాయిలుకు నీలి రంగు ఎందుకు కలుపుతారో, అది బంకులకు ఎలా చేరుతుందో డీలర్ల పిల్లలే నాకు చెప్పారు. కథ ముగిశాక గది బరువెక్కింది. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు, “చచ్చిపోయినోడి కథ చెప్పి మమ్మల్ని నిజాయితీగా ఉండమంటారేటి సార్? మా ఇంట్లో నేనొక్కణ్ణే సార్,” అన్నాడు.

వాడి మాటలో ఎగతాళి లేదు. మా పిల్లలకు తప్పొప్పులు చెప్పనవసరం లేదని నాకు ఎప్పుడో తెలిసింది. పైవాడి ఎదుట నిలబడి కాదనడం ఎలాగో, అన్న తరువాత ఇల్లు ఎలా గడవాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పుస్తకాల్లో నిజాయితీపరుడు ఒక్కసారిగా లేచి సత్యం పలికి బయటికి నడిచిపోతాడు. ఆఫీసుల్లో అలా ఉండదు. చిన్న కోరిక వస్తుంది, ఫోనులో వస్తుంది, సాయంత్రం ఆరు దాటాక వస్తుంది, ‘అందరూ చేసేదే’ అన్న మాటతో వస్తుంది.

అప్పటినుంచి ఇంటర్నల్ మార్కుల్లో సగం వ్యాసానికి కాక నోటుకు ఇచ్చాను. పై అధికారి తప్పు పని చెప్పాడు, అరపేజీలో జవాబు రాయండి. అందులో ధర్మోపన్యాసం ఉండకూడదు, ఆరోపణ ఉండకూడదు. తారీఖు, జరిగిన విషయం, వర్తించే నిబంధన, చివర ఒక ప్రశ్న ఉండాలి. “మీరు ఫోనులో చెప్పిన సవరణకు ఆధారపత్రం దొరకలేదు, దయచేసి పంపగలరా” అన్న ఒక్క వాక్యం ఎన్నో దొంగ బిల్లులను మొదట్లోనే ఆపుతుందని నా అనుభవం. రాతపూర్వకంగా ఆదేశమివ్వమంటే తొంభై పాళ్ళు ఆ ఆదేశమే మాయమైపోతుంది. నోటితో చెప్పడం కూడా సాధన చేయించాను. సాలూరు అబ్బాయి ఒకడు ఏరియా మేనేజరు వేషం కట్టి, కాలు మీద కాలు వేసుకుని, “ఏటమ్మా, నీకొక్కదానికే రూల్సు తెలుసా?” అని దబాయిస్తే, ఎదుట నిలబడిన అమ్మాయి మొదటి రెండుసార్లు నవ్వేసింది. మూడోసారి, “తెలిసినంత వరకు రాసి తెస్తాను సార్, మీరు దాని మీద ఓకే అని రాసివ్వండి,” అంది. మేనేజరు వేషంవాడికి తరువాతి మాట తోచలేదు.

దానితో పాటు డబ్బు లెక్క కూడా చెప్పాను. జీతం ఆగితే మీ ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందో, అప్పు, అద్దె, చెల్లి పెళ్ళి అన్నీ వేసి మీ నోటుబుక్కులో రాసుకోండి, నాకు చూపించవద్దు అన్నాను. బ్యాంకులో ఆరు నెలల ఖర్చు ఉన్నవాడు కాదనగలిగినంత గట్టిగా, నెలాఖరుకు అప్పు చేసేవాడు అనలేడు. మొదటి జీతం నుంచే రికరింగ్ డిపాజిట్ కట్టమని ఎథిక్స్ క్లాసులో చెప్పిన లెక్చరర్లు ఎక్కువమంది ఉండరనుకుంటాను. తోటివారు వేళాకోళం చేసేవారు. 2013లో కొత్త కంపెనీల చట్టం వచ్చి, లిస్టెడ్ కంపెనీల్లో ఉద్యోగులు లోపాలను తెలియజేయడానికి విజిల్ (vigil) మెకానిజం అనే ఏర్పాటు ఉండాలని 177వ సెక్షనులో పెట్టినప్పుడు, అదీ పాఠంలో చేర్చాను. కాని రికరింగ్ డిపాజిట్‌ను తీసేయలేదు.

భోపాల్ గురించి ప్రతి ఏడాదీ చెప్పేవాణ్ణి. 1984 డిసెంబరులో మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు లీకయిన ఆ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో, ఆ రసాయనం నిల్వ ఉన్న ట్యాంకును చల్లగా ఉంచవలసిన రిఫ్రిజిరేషన్ యూనిటును అంతకుముందే ఆపేశారు. గ్యాసును మండించవలసిన ఫ్లేర్ టవరూ పనిచేసే స్థితిలో లేదు. ఆ పాఠం విన్న ఒక అబ్బాయి పైడిభీమవరం వైపు ఒక రసాయన కర్మాగారంలో సేఫ్టీ విభాగంలో చేరాడు. వాళ్ళ దగ్గర చల్లబరిచే యంత్రం, చిల్లర్ ఒకటి సరిగా పనిచేయడం లేదని నోట్లు పెడుతూ వచ్చాడు. ఏమీ జరగలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకై ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం ప్రాణాలు పోగొట్టుకున్న తరువాత, వాళ్ళ కర్మాగారంలో ఆ చిల్లర్‌ను వారం తిరక్కుండా బాగు చేయించారు. “నా నోట్లన్నీ ఒకేసారి చదివినట్టున్నారు సార్,” అని ఫోనులో అన్నాడు. ఆ మాటలో సంతోషం కంటే చిరాకే ఎక్కువగా వినపడింది.

కరోనా సద్దుమణిగాక అతనే పట్టుబట్టి తమ షిఫ్టు సూపర్‌వైజర్లతో మాట్లాడమని నన్ను పిలిపించాడు. క్యాంటీను పక్కన రేకుల షెడ్డు, స్టీలు గ్లాసుల్లో టీ, యూనిఫారాల్లో ఇరవై ముప్ఫై మంది. నేను భోపాల్‌తో మొదలుపెడదామని కాగితాలు సర్దుకుంటుండగా, వయసులో పెద్దాయన ఒకరు చెయ్యెత్తారు. ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఓవర్‌టైముకు రెట్టింపు కూలి ఇవ్వాలి కదా, రిజిస్టరులో రెట్టింపు రాసి చేతికి ఒంటి కూలి ఇస్తే ఏం చెయ్యాలి అని అడిగారు. ఎవరి రిజిస్టరు అన్నాను.

“నేనే రాస్తాను బాబూ. సంతకమూ నాదే,” అన్నారు.

కాగితాలు పక్కన పెట్టి ఆయనను ముందుకు వచ్చి కూర్చోమన్నాను. ఒక తెల్ల కాగితం, పెన్ను ఆయన ముందుంచి, పైన తారీఖు వేయమన్నాను.